మా నాయన స్టీరియోకు రిమోట్ వాల్యూమ్ ఎలా పెట్టానంటే

మా నాయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. ఎలివేటర్లు, బ్లోయర్లు, జల్లెడల చప్పుడు మధ్య నిలబడి నిలబడి చెవులు మందగించాయి, మోకాళ్లు అరిగిపోయాయి. ఇప్పుడు నల్గొండలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. వచ్చేటప్పుడు బట్టల కంటే ముందు బండిలోకి ఎక్కించింది తన స్టీరియో సెట్టునే. 1987లో హైదరాబాద్ ఆబిడ్స్‌లో కొన్నాడు. ఒక ఆంప్లిఫయర్, ఒక క్యాసెట్ డెక్, మోకాలెత్తు చెక్క స్పీకర్లు రెండు. ఇప్పటికీ సౌండ్‌కి వంక పెట్టలేం.

ఆయన ఎక్కువగా వినేది ఒగ్గుకథ క్యాసెట్లు. ఒగ్గుకథ విన్నవాళ్లకు సమస్య వెంటనే అర్థమవుతుంది. కథకుడు పక్కన కూర్చుని మాట్లాడినట్టు మెల్లగా చెప్పుకుపోతాడు. ఉన్నట్టుండి డోలు, తాళాలు అందుకుంటాయి. మాట వినబడాలని నాయన వాల్యూమ్ పెంచుకుంటాడు. డోలు పడగానే కిటికీ అద్దాలు అదురుతాయి. సెట్టు హాల్లో, ఆయన కుర్చీ బయట అరుగు మీద. లేచి, గోడ పట్టుకుని, లోపలికి వచ్చి తగ్గించేసరికి డోలు ఆగిపోయి మళ్లీ మాట మొదలవుతుంది. "బిడ్డా, జర సౌండ్ తక్కువ చెయ్యవా" అని సాయంత్రం పూట పది సార్లు పిలుపు. నేను ఇంట్లో ఉంటే పరిగెత్తేదాన్ని. లేనప్పుడు ఆయన అసలు సెట్టే పెట్టుకోవడం లేదని తర్వాత తెలిసింది. ఆ సంగతి తెలిసిన రోజే ఈ పని మొదలుపెట్టాను.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకుంటాను. రిమోట్ పెడతానంటే నాయన రెండు షరతులు పెట్టాడు. "పెట్టు గానీ, గా చేత్తో తిప్పుడు పోవద్దు. కరెంట్ పోయొచ్చినా నేను పెట్టిన కాడనే ఉండాలె." ఈ రెండు మాటలు పట్టుకునే పద్ధతి ఎంచుకున్నాను. మీ ఇంట్లో కూడా పాత ఫిలిప్స్, సోనోడైన్, కాస్మిక్, బుష్ లాంటి సెట్టు ఉండి, దాన్ని వాడే మనిషి లేవలేని స్థితిలో ఉంటే, కింద రాసింది పనికొస్తుంది. సోల్డరింగ్ చేయి తిరిగి ఉండాలి, మల్టీమీటర్ వాడటం తెలిసి ఉండాలి. కరెంటు పని కొత్త అయితే తెలిసిన మెకానిక్‌ను పక్కన పెట్టుకోండి.

ఏ దారిలో వెళ్లాలి

అన్నిటికంటే తేలిక దారి ఒక బ్లూటూత్ రిసీవర్ కొని సెట్టు వెనక బయటి పాట అందుకునే ఆక్స్ సాకెట్‌లో గుచ్చడం. ఫోన్‌లో పాట, ఫోన్‌లోనే వాల్యూమ్. ఫోన్ పాటలే వినేవాళ్లకు అంతకు మించి ఏమీ అక్కర్లేదు, ఇక్కడితో ఆగిపోవచ్చు. మా ఇంట్లో క్యాసెట్లు కాబట్టి అది కుదరలేదు.

రెండో దారి, బజార్లో దొరికే రిమోట్ కిట్లు. వీటిలో పీటీ2258 లాంటి చిప్ ఉంటుంది. సౌండ్‌ను మెట్లు మెట్లుగా తగ్గిస్తుంది, మెట్టుకు ఒక డెసిబెల్. చవక, చిన్న బోర్డు, ముందు వెలిగే అంకెలు. కానీ పాత నాబ్‌కి ఇక పని ఉండదు. పైగా కొన్ని బోర్డులు కరెంట్ పోయి వచ్చినప్పుడల్లా తమకు రాసి ఉన్న వాల్యూమ్ దగ్గరే మొదలవుతాయి. అర్ధరాత్రి కరెంట్ వచ్చి సెట్టు గట్టిగా మోగితే ఆ టెన్షన్ ఎవరు పడాలి? నాయన షరతులు రెండూ ఇక్కడే తప్పుతాయి.

మూడోది మోటార్ ఉన్న వాల్యూమ్ కంట్రోల్. మనం మామూలుగా పాట్ అంటాం కదా, పొటెన్షియోమీటర్, దాని వెనక వేలెడంత మోటార్, కొన్ని పళ్ల చక్రాలు బిగించి వస్తుంది. జపాన్‌కు చెందిన ఆల్ప్స్ కంపెనీవి పేరున్నవి, వాటిని చూసి చేసిన చైనావి చవక. రిమోట్ నొక్కితే మోటార్ నాబ్‌ను తిప్పుతుంది. చేత్తో తిప్పితే లోపల క్లచ్ జారి, మోటార్‌కి ఏమీ కాకుండా నాబ్ తిరుగుతుంది. కరెంట్ పోతే ఎక్కడున్నది అక్కడే. సౌండ్ దారిలో కొత్త చిప్పేదీ రాదు, పాత పాట్ ఉన్న చోట కొత్త పాట్, అంతే. నా ఓటు ఎప్పుడూ దీనికే.

విప్పక ముందు చూడాల్సినవి

నాబ్‌ను సున్నాకి తిప్పితే చివర టక్‌మని ఆగి సెట్టు ఆఫ్ అవుతుందా? అయితే పాట్ వెనకే కరెంట్ స్విచ్ ఉందన్నమాట, 230 వోల్టుల వైర్లు అక్కడి దాకా వస్తున్నాయన్నమాట. మోటార్ పాట్‌లో ఆ స్విచ్ ఉండదు, విడిగా ఇంకో స్విచ్ పెట్టాలి. ఆ పని మెకానిక్‌కే వదలండి.

తర్వాత, ముందు పలక మీద లౌడ్‌నెస్ అనే బటన్ ఉందేమో చూడండి. ఉంటే పాత పాట్‌లో ఒక్కో వరసకు (ఎడమ స్పీకర్‌కి ఒకటి, కుడి స్పీకర్‌కి ఒకటి) మూడు కాళ్లకు బదులు నాలుగు కాళ్లు ఉండే అవకాశం ఎక్కువ. ఆ నాలుగో కాలు తక్కువ వాల్యూమ్‌లో బేస్ పెంచే సర్క్యూట్‌ది. మూడు కాళ్ల మోటార్ పాట్ వేస్తే లౌడ్‌నెస్ పోతుంది. దాని మీద ఇష్టం ఉన్నవాళ్లు పాత పాట్‌ను కదిలించకండి, కింద చెప్పబోయే బయటి డబ్బా పద్ధతికి వెళ్లండి.

మూడోది చోటు. మోటార్ పాట్ పాతదాని కంటే చాలా పొడుగు. మూత తీసి, పాత పాట్ వెనక నుంచి మొదటి అడ్డు వరకు స్కేలు పెట్టి కొలవండి. మా సెట్టులో వెనక ఎనిమిది సెంటీమీటర్ల ఖాళీ ఉంది, సరిపోయింది. అక్కడే ట్రాన్స్‌ఫార్మర్ కూర్చుని ఉంటే లోపల పెట్టలేం.

బయటి డబ్బా అంటే ఇది. చిన్న ఇనుప డబ్బాలో 10 కిలో ఓముల మోటార్ పాట్ పెట్టి, డెక్‌కి ఆంప్లిఫయర్‌కి మధ్య కలపడం. సెట్టును విప్పక్కర్లేదు. సెట్టు నాబ్‌ను ఒక చోట స్థిరంగా ఉంచి, డబ్బాతోనే తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. డబ్బా నుంచి ఆంప్లిఫయర్‌కి వెళ్లే వైరు మీటరు దాటనివ్వకండి, పొడుగైతే సన్న శబ్దాలు మందగిస్తాయి. ఒకటి కంటే ఎక్కువ సోర్సులుంటే టేప్ మానిటర్ అని రాసి ఉన్న సాకెట్ల మధ్య పెట్టొచ్చు, టేప్ అవుట్ నుంచి డబ్బాకి, డబ్బా నుంచి టేప్ ఇన్‌కి. అయితే గుండ్రంగా ఐదు పిన్నుల డిన్ సాకెట్ ఉన్న పాత సెట్టులో ఇది కుదరదు. డిన్‌లో రికార్డింగ్‌కి ఇచ్చే సిగ్నల్ చాలా బలహీనం, డబ్బా గుండా తిరిగి వచ్చేసరికి ఏమీ మిగలదు. అక్కడ డెక్ ప్లే సిగ్నల్ దారిలోనే పెట్టాలి. మామూలు 180 డిగ్రీల డిన్‌లో 3, 5 పిన్నులు ప్లేవి, 2 గ్రౌండ్.

నాయన చేయి అలవాటుగా ఆంప్లిఫయర్ నాబ్ మీదికే పోతుంది. రెండు నాబులు పెట్టి ఆయన్ను తికమక పెట్టడం ఇష్టం లేక నేను లోపలే పెట్టాను.

సామాను

రెండు వరసల మోటార్ పాట్, ఒక ఆర్డుయినో నానో (ప్రోగ్రామ్ వేసుకునే చిన్న కంప్యూటర్ బోర్డు), ఎల్9110ఎస్ మోటార్ డ్రైవర్ బోర్డు, రిమోట్ సిగ్నల్ పట్టే టీఎస్‌ఓపీ సెన్సార్, 5 వోల్టుల మంచి అడాప్టర్, 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్, 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్, 100 ఓముల రెసిస్టర్, ఒక మీటరు షీల్డ్ వైరు (లోపలి తీగ చుట్టూ లోహపు అల్లిక ఉండేది), ఇంట్లో మూలన పడి ఉన్న పాత టీవీ రిమోట్. చిన్నాచితకా ప్రకాశం బజార్‌లో దొరికాయి. నానో, డ్రైవర్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెచ్చాను. మోటార్ పాట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. అన్నీ కలిపి నాకు పదిహేను వందలు దాటలేదు.

పాట్ దగ్గర మాత్రం తొందర పడకండి. పాత పాట్ విలువ దాని వీపు మీదే ఉంటుంది, 50కే, 100కే అని, కే అంటే కిలో ఓములు. కొత్తది అంతే విలువలో తీసుకోండి. అది లాగ్ రకం కావాలి. మన చెవి శబ్దాన్ని లెక్క ప్రకారం వినదు, అందుకే ఆడియో పాట్ మొదట మెల్లగా, చివర్లో వేగంగా పెరిగేలా చేస్తారు. జపాన్ పద్ధతిలో ఏ అంటే లాగ్, బీ అంటే లీనియర్, మొదటి నుంచి చివరి దాకా ఒకే తీరున పెరిగేది. నాకు మొదట వచ్చిన దాని మీద ఏ100కే అని స్పష్టంగా అచ్చు వేసి ఉంది. మీటర్ పెట్టి, నాబ్‌ను సరిగ్గా మధ్యకు తిప్పితే ఎడమ కాలికీ మధ్య కాలికీ 49 కిలో ఓములు చూపించింది. లాగ్ అయితే అక్కడ 10 నుంచి 20 మధ్య రావాలి. అంటే అచ్చు ఒకటి, లోపల ఇంకొకటి. దాన్ని తిప్పి పంపడం, డబ్బులు వెనక్కి రావడం నెల రోజుల పని అయింది. లీనియర్ పాట్ వేస్తే ఏమవుతుందంటే, మొదటి చిన్న మలుపులోనే సౌండ్ అంతా వచ్చేస్తుంది. మోటార్ ఒక్క తాకు తాకితే చాలు, గుసగుస కాస్తా కేకవుతుంది. కాబట్టి ఇంటికి రాగానే కొలవండి. రెండు వరసలనూ నాలుగైదు చోట్ల ఆపి కొలిచి పోల్చండి. తేడా ఎక్కువుంటే తక్కువ వాల్యూమ్‌లో పాట ఒక స్పీకర్ వైపు ఒరిగిపోతుంది.

పాట్‌ను పరీక్షించడానికి నేను మూడు పెన్సిల్ సెల్స్ వరసగా కలిపి, 4.5 వోల్టులు, మోటార్ తీగలకు తాకించాను. చిన్నగా జుయ్‌మంటూ కడ్డీ తిరగడం మొదలైంది, గడియారంలో నిమిషాల ముల్లును వేలితో జరిపినంత నింపాదిగా. తీగలు మార్చి పెడితే వెనక్కి. చివరికి చేరాక మోటార్ తిరుగుతూనే ఉంది, కడ్డీ ఆగింది, లోపల క్లచ్ టిక్ టిక్ మని జారుతోంది. మోటార్ తిరుగుతుండగా కడ్డీని రెండు వేళ్లతో పట్టి ఆపాను. ఆగింది, ఏమీ విరగలేదు. నాయనకు ఇచ్చి తిప్పి చూడమన్నాను. "మెత్తగుంది, పాతదానికన్న మంచిగుంది" అన్నాడు. అప్పుడు ధైర్యం వచ్చింది.

విప్పడం

ప్లగ్ పీకండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు, పీకి కంటికి కనబడే చోట పెట్టండి. మూత తీశాక పెద్ద ఫిల్టర్ కెపాసిటర్లు కనబడతాయి. ప్లగ్ తీసిన తర్వాత కూడా వాటిలో కరెంట్ నిలిచి ఉంటుంది. మా సెట్టులో ఒక్కో దాంట్లో 38 వోల్టులున్నాయి. చాలామంది స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తారు, వద్దు, కెపాసిటర్‌కీ కంటికీ మంచిది కాదు. 1 కిలో ఓం, 5 వాట్ల రెసిస్టర్‌ను ప్లాస్ తో పట్టుకుని రెండు కాళ్లకూ ఒక నిమిషం ఆనించండి. మీటర్‌తో ఒక వోల్టు కంటే తక్కువ ఉందని చూసుకున్నాకే చేయి పెట్టండి.

ఇక్కడ ఇంకో చిన్న సంగతి. పాత పాట్ తిప్పితే గరగర వస్తోందా? అది ఎక్కువసార్లు దుమ్మే. కానీ పాట్‌కి ముందున్న చిన్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లీకై, పాట్ మీదికి డీసీ వస్తే కూడా అలాగే గరగరలాడుతుంది. అప్పుడు కొత్త పాట్ వేసినా గరగర పోదు. పాత పాట్‌ను విప్పక ముందే, సెట్టు ఆన్‌లో ఉండగా, మీటర్ నల్ల తీగను చాసిస్‌కి, అంటే సెట్టు ఇనుప చట్రానికి, క్లిప్‌తో బిగించి, ఎర్ర తీగతో ఒక చేత్తోనే పాట్ కాళ్ల మీద డీసీ కొలవండి, రెండో చేయి జేబులో ఉండాలి. దాదాపు సున్నా రావాలి. వోల్టుల్లో వస్తే ముందు ఆ కెపాసిటర్ మార్చండి.

పాత పాట్‌కి వచ్చే ప్రతి వైరునూ ఫోటో తీయండి, తర్వాత కాగితం మీద గీయండి. ఫోటోలో రంగులు మోసం చేస్తాయి, గీసుకున్న బొమ్మ చేయదు. కాగితం టేపు ముక్కల మీద పేర్లు రాసి వైర్లకు అంటించండి. కడ్డీ మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ కాలు గ్రౌండ్, మధ్య కాలు ఆంప్లిఫయర్‌కి వెళ్లేది, కుడి కాలు సిగ్నల్ వచ్చేది. రెండో వరసకు కూడా ఇదే. నాది బోర్డు మీద నేరుగా సోల్డర్ చేసిన పాట్. కొత్త సోల్డర్ కొద్దిగా పట్టించి, కరిగాక పంపుతో లాగితే పాత సోల్డర్ తేలిగ్గా వచ్చింది. కాళ్ల దూరం కొత్త పాట్‌కి కుదరలేదు. అందుకని బోర్డు నుంచి ఆరు చిన్న షీల్డ్ వైర్లు లాగి కలిపాను. షీల్డును ఒక్క చివరే, బోర్డు వైపు, గ్రౌండ్‌కి కలిపి, రెండో చివర కత్తిరించి వదిలేయండి. గ్రౌండ్ కాలికి మాత్రం విడిగా తీగ ఉండాలి.

ఆ గ్రౌండ్ తీగ దగ్గరే నాకు జరిగింది చెప్పాలి. ఆదివారం మధ్యాహ్నం, అన్నీ కలిపాననుకుని ఆన్ చేశాను. నాబ్ సున్నాలో ఉంది. అయినా క్యాసెట్ పూర్తి వాల్యూమ్‌తో, బొయ్‌మనే హమ్‌తో మోగింది. కునుకు తీస్తున్న నాయన అదిరిపడి లేచాడు. ఎడమ కాళ్లు రెండింటికీ వేసిన సోల్డర్ పైన మెరుస్తోంది గానీ తీగ పట్టలేదు. గ్రౌండ్ తెగితే పాట్ తగ్గించలేదు, వచ్చిందంతా అలాగే పంపిస్తుంది. ఆ రోజు స్పీకర్లు బతికింది అదృష్టం. మీరు ఆన్ చేసే ముందు గ్రౌండ్ కాలు నుంచి చాసిస్‌కి మీటర్ బీప్ వస్తుందో లేదో చూడండి. మొదటి పరీక్షకు మంచి స్పీకర్లు తీసేసి, పోయినా బాధ లేని చిన్న స్పీకర్లు కలపండి.

మొదటిసారి కరెంట్ ఇచ్చేటప్పుడు సీరీస్ బల్బు తప్పకుండా పెట్టండి. మిల్లుల్లో, వైండింగ్ షాపుల్లో అందరికీ తెలిసిందే. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును సెట్టుతో సీరీస్‌లో కలపాలి, ఎల్ఈడీ పనికిరాదు. ఆన్ చేయగానే బల్బు ఒకసారి వెలిగి మందగిస్తే అంతా బాగున్నట్టు. నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉంది, వెంటనే ఆపండి.

రిమోట్ వైపు పని

నానో కాలు నుంచి మోటార్‌ను నేరుగా తిప్పకూడదు. ఆ కాలు 20 మిల్లీఆంప్స్ హాయిగా ఇవ్వగలదు, 40 దాటితే చిప్ పాడవుతుంది. మోటార్ అంతకంటే ఎక్కువ లాగుతుంది. అందుకే మధ్యలో డ్రైవర్. నానో 5, 6 కాళ్లు డ్రైవర్ రెండు ఇన్‌పుట్లకు, డ్రైవర్ అవుట్‌పుట్ మోటార్‌కి. ఒకటి హై, ఒకటి లో అయితే ఒక వైపు, తారుమారైతే రెండో వైపు, రెండూ ఒకేలా ఉంటే మోటార్ ఆగుతుంది. మోటార్ తీగల మధ్య, మోటార్ ఒంటికి ఆనించి, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ సోల్డర్ చేయండి. ఇది లేకపోతే నాబ్ తిరిగినంతసేపూ స్పీకర్లో చిటపటలు వస్తాయి. పాట్ ఇనుప ఒంటిని చాసిస్‌కి కలపండి.

నానోకి కరెంట్ సెట్టు లోపలి నుంచి లాగాలని ఆశ పుడుతుంది. నా సలహా, వద్దు. విడి అడాప్టర్ పెట్టండి, నానో గ్రౌండ్‌ను ఆడియో గ్రౌండ్‌తో కలపకండి. మోటార్‌కీ ఆడియోకీ మధ్య కరెంట్ సంబంధం ఏమీ లేదు, పళ్ల చక్రాల సంబంధమే. ఆ వేర్పాటు ఉన్నందుకే మా సెట్టులో కొత్త హమ్ ఏదీ రాలేదు.

సెన్సార్ కాళ్లు జాగ్రత్త. పాత టీఎస్‌ఓపీ1738ను ముందు నుంచి చూస్తే ఎడమ నుంచి గ్రౌండ్, 5 వోల్టులు, అవుట్‌పుట్. ఇప్పుడొచ్చే టీఎస్‌ఓపీ38238లో అవుట్‌పుట్, గ్రౌండ్, సప్లై. ఒకదాని బొమ్మ చూసి ఇంకోటి కలిపితే సెన్సార్ పోతుంది. రెండూ 38 కిలోహెర్ట్జ్‌వే, చాలా టీవీ రిమోట్లు ఆ పరిధిలోనే పంపుతాయి. రిమోట్ బతికుందో లేదో తెలియాలంటే ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి నొక్కండి, కొనలో ఊదారంగు మెరుపు కనబడుతుంది. ఇంట్లో వాడుకలో ఉన్న టీవీ రిమోట్ రకం వద్దు, చానల్ మారిస్తే స్టీరియో కూడా కదులుతుంది.

ప్రోగ్రామ్‌కి ఐఆర్‌రిమోట్ అనే ఉచిత లైబ్రరీ ఉంది. ముందు దాని ఉదాహరణ ప్రోగ్రామ్ వేసి, మీ రిమోట్ ప్లస్, మైనస్ బటన్ల కోడ్‌లు కంప్యూటర్ తెర మీద చూసి రాసుకోండి. తర్వాత లెక్క ఇది. ప్లస్ కోడ్ వస్తే మోటార్‌ను ఒక వైపు తిప్పాలి, మైనస్ వస్తే రెండో వైపు, చివరి కోడ్ వచ్చి 150 మిల్లీసెకన్లు దాటితే ఆపాలి. ఆ 150 ఎందుకంటే, ఎన్‌ఈసీ అనే సిగ్నల్ పద్ధతి వాడే రిమోట్ బటన్ నొక్కి ఉంచితే దాదాపు 110 మిల్లీసెకన్లకోసారి మళ్లీ సిగ్నల్ పంపుతుంది. 100 పెడితే మోటార్ ఆగుతూ సాగుతూ కుదుపులు పడుతుంది. 300 పెడితే వేలు తీశాక కూడా నాబ్ జరుగుతూనే ఉంటుంది. నేను అన్నీ పెట్టి చూసి 150 దగ్గర ఆగాను.

దీనికి రెండు కలిపాను. తగ్గించేటప్పుడు పూర్తి వేగం, పెంచేటప్పుడు సగం వేగం. డోలు పడినప్పుడు వెంటనే తగ్గాలి, పెరగడం మెల్లగా అయినా నష్టం లేదు. సగం వేగానికి మొదట పీడబ్ల్యూఎం, అంటే కరెంట్‌ను చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేసే పద్ధతి, వాడితే మోటార్ సన్నగా కూసింది, ఆ కూత స్పీకర్లో కూడా వినబడింది. దాన్ని తీసేసి 40 మిల్లీసెకన్లు తిప్పడం, 40 ఆపడం పెట్టాను, కూత పోయింది. రెండోది, ప్లస్ ఎంతసేపు నొక్కి పట్టినా మూడు సెకన్ల తర్వాత మోటార్ ఆగిపోవాలి, వేలు తీసి మళ్లీ నొక్కితేనే కదలాలి. నాయన రిమోట్ తొడ కింద పెట్టుకుని కూర్చుంటాడు, అందుకని. అంతా అయ్యాక అడాప్టర్‌ను పది సార్లు పీకి పెట్టి చూడండి. నాబ్ వెంట్రుకంత కూడా కదలకూడదు.

సెన్సార్ ఎక్కడ పెట్టాలి

రిమోట్ వెలుతురు గోడ దాటదు. నాయన అరుగు మీద, సెట్టు హాల్లో. అందుకే సెన్సార్‌ను ఐదు మీటర్ల ల్యాన్ కేబుల్‌తో కిటికీ చట్రం గుండా బయటికి తెచ్చాను. అంత దూరం వచ్చినప్పుడు సెన్సార్ పక్కనే, సప్లై తీగలో 100 ఓముల రెసిస్టర్, దాని తర్వాత సప్లైకీ గ్రౌండ్‌కీ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. లేకపోతే సెన్సార్ తనకు తానే పిచ్చి సిగ్నల్స్ ఇస్తుంది. అవుట్‌పుట్, గ్రౌండ్ తీగలను ల్యాన్ కేబుల్లో ఒకే జతగా వాడండి.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఉన్నట్టుండి రిమోట్ పనిచేయలేదు. మా అరుగు పడమటి వైపు. నాలుగు దాటాక ఎండ నేరుగా సెన్సార్ మీద పడుతోంది. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ నిండుగా ఉంటుంది కాబట్టి రిమోట్ మెరుపు అందులో కలిసిపోతోంది. ఆరు అడుగుల దూరం నుంచి కూడా అందలేదు. సెన్సార్‌ను సజ్జ కిందికి, కిందికి చూసేలా మార్చి, చుట్టూ నల్ల ప్లాస్టిక్ గొట్టం ముక్క, రెండు అంగుళాలది, తొడిగాను. అప్పటి నుంచి మే నెల మిట్టమధ్యాహ్నం కూడా ఆగలేదు. పాత సీఎఫ్ఎల్ బల్బుల పక్కన కూడా పెట్టకండి, అవీ ఇలాగే అడ్డుపడతాయి.

తీసిన పాత పాట్‌ను పారేయకండి. నేను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, వైర్ల బొమ్మ గీసిన కాగితం మడిచి, మార్చిన తేదీ రాసి, సెట్టు మూత లోపలి వైపు టేపుతో అంటించాను. రేపు ఎవరైనా మెకానిక్ విప్పితే ఏం జరిగిందో అర్థమవుతుంది. రిమోట్‌లో ప్లస్, మైనస్ తప్ప మిగతా బటన్ల మీద ఇన్సులేషన్ టేపు వేశాను, ఆ రెండింటి మీద నెయిల్ పాలిష్ చుక్కలు, ఎర్రది తగ్గించడానికి, తెల్లది పెంచడానికి.

మొన్న సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను. హాల్లోంచి కథకుడి గొంతు వస్తోంది, డోలు అందుకుంది, ఒక్క క్షణంలో మందగించింది. తొంగి చూస్తే హాల్లో ఎవరూ లేరు. పాత అల్యూమినియం నాబ్, దాని మీది తెల్ల గీత, ఎనిమిది నుంచి ఐదు దాకా తనంతట తానే దిగి ఆగింది. అరుగు మీద నుంచి నాయన ఎవరినీ పిలవలేదు.